ఒంటెను కట్టే పని

వాహనాన్ని నమ్ముకొని బతికే కుటుంబాలు మన సమాజంలో చాలా ఉన్నాయి. పండ్లు, కూరగాయలు, కోళ్ళు, పరుపులు, పాత ఇనుము వంటివి ఒక ఊరి నుండి మరో ఊరికి చేర్చి, వచ్చిన కిరాయితో ఇల్లు గడుపుకునేవారు ప్రతి మహల్లాలోనూ కనిపిస్తారు. వారిలో కొత్త బండ్లు ఉన్నవారు కొద్దిమందే. ఎక్కువ మందివి పదేళ్ళు దాటిన పాత పికప్‌లే. మాదీ అటువంటి కుటుంబమే. పాత బండిని ఎలా చూసుకోవాలన్నది మెకానిక్ షెడ్డులో మాట్లాడుకోవలసిన విషయమనీ, కుటుంబ పత్రికలో దానికి చోటెందుకనీ కొందరికి అనిపించవచ్చు. కానీ మా అనుభవంలో ఈ విషయం రెండు పెద్ద ప్రశ్నలతో ముడిపడి ఉంది. ఒకటి, మా సంపాదన వడ్డీకి దూరంగా ఉంటుందా? రెండు, మా సంపాదన కోసం రోడ్డు మీద ఇతరుల ప్రాణాలను ప్రమాదంలో పెడుతున్నామా?

మాది రాయచోటి. మా పికప్ 2012 మోడల్ డీజిల్ బండి. దానిని మేము 2016లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాము. రెండు గేదెలను అమ్మిన సొమ్ము, నాలుగేళ్ళ పొదుపు, మామూజాన్ ఇచ్చిన కర్జె హసనా కలిపితే ఆ ధర సమకూరింది. అప్పటినుండి ఇప్పటివరకు కొత్త బండి తీసుకొమ్మని చెప్పినవారు చాలామంది. ముందు కట్టేది కొద్ది మొత్తమేనని, మిగిలినది నెలనెలా కిస్తీలు కట్టుకుంటే చాలునని ఫైనాన్స్ మనుషులు ఇంటి గుమ్మం దాకా వచ్చి చెప్పారు. ఆ కిస్తీలలో దాగి ఉన్నది వడ్డీ. ఆ గుమ్మం దాటకూడదన్నది మా అబ్బా నిర్ణయం. ఆ నిర్ణయాన్ని మేమంతా మనస్ఫూర్తిగా స్వీకరించాము. అయితే దానికి ఒక షరతు ఉంది. కొత్త బండి కొనకపోవడం వల్ల పాత బండి రోడ్డు మీద ప్రమాదకరంగా తిరిగితే, ఒక పాపం నుండి తప్పించుకొని మరో పాపంలో పడినట్లే. కనుక పాత బండితో వడ్డీ లేకుండా బతకాలంటే దానిని సక్రమంగా చూసుకోవడం తప్పనిసరి. ఇది మాకు పొదుపు చిట్కా కాదు, బాధ్యత.

దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం)ను ఒక వ్యక్తి అడిగిన ప్రశ్న మనందరికీ తెలిసినదే. ఒంటెను కట్టివేసి అల్లాహ్‌పై భారం వేయాలా, లేక వదిలేసి భారం వేయాలా అని ఆయన అడిగారు. ముందు కట్టు, ఆ తరువాత అల్లాహ్‌ను నమ్ముకో అన్నదే ఆయన (సఅసం) బోధ సారాంశం. ఒంటెల కాలంలో కట్టడమంటే తాడు, గుంజ. మా కాలంలో, మా వృత్తిలో కట్టడమంటే ఏమిటి? బ్రేకు ఆయిల్ మట్టం చూడటం, టైరులో గాలి చూడటం, కమాను కట్టలకు గ్రీసు పెట్టడం. తవక్కుల్ అనే మాటకు మా ఇంట్లో ఈ నూనె మరకల అర్థం కూడా ఉంది.

ఫజ్ర్ నమాజు తరువాత పది నిమిషాలు ఆ బండివే. ఇంజిన్ స్టార్ట్ చేయకముందే ఆ తనిఖీ జరుగుతుంది. మొదట బండి కింద నేలను చూస్తాము. రాత్రంతా నిలబడిన చోట చుక్కలు పడి ఉంటే వాటి రంగును బట్టి జబ్బు తెలుస్తుంది. నల్లగా, జిగటగా ఉంటే అది ఇంజిన్ ఆయిల్. ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో నీళ్ళలా ఉంటే కూలెంట్. చక్రం లోపలి వైపు తడిగా, లేత పసుపు రంగులో ఉంటే అది బ్రేకు ఆయిల్ కావచ్చు. ఆ చివరిది కనిపిస్తే ఆ రోజు బండి కదలదు. తరువాత బానెట్ ఎత్తి, గేజి పుల్లను బయటకు తీసి తుడిచి, మళ్ళీ పెట్టి తీస్తాము. ఆయిల్ రెండు గుర్తుల మధ్య ఉండాలి. బండి చదునైన నేలపై ఉన్నప్పుడే ఈ కొలత నిజం చెబుతుంది. కూలెంట్‌ను పక్కన ఉండే డబ్బాలో చూస్తాము. వేడి మీద రేడియేటర్ మూత తీయడం మా ఇంట్లో నిషేధం. లోపల ఒత్తిడిలో ఉన్న నీరు ఒక్కసారిగా ఎగజిమ్మి ముఖం కాల్చివేస్తుంది. బోరు నీళ్ళు పోయడమూ నిషేధమే. మా ప్రాంతపు బోరు నీటిలో లవణాలు ఎక్కువ. అవి లోపల పొలుసులా పేరుకొని, రేడియేటర్ సన్నని గొట్టాలను మూసివేస్తాయి.

ఆ తరువాత బ్రేకు పెడల్. ఇంజిన్ నడుస్తుండగా దానిని గట్టిగా నొక్కి, అలాగే కొంతసేపు పట్టి ఉంచుతాము. పెడల్ మెల్లగా కిందికి జారుతూ పోతే ఎక్కడో లీకు ఉన్నట్లు. స్పాంజిలా మెత్తగా ఉంటే పైపులలో గాలి చేరినట్లు. చివరగా లైట్లు, ఇండికేటర్లు, హారన్, అద్దాలు. వెనుక బ్రేకు లైటు వెలుగుతుందో లేదో చూడటానికి ఒకరు పెడల్ నొక్కితే మరొకరు వెనుక నిలబడాలి. ఆ పని మా ఇంటి పిల్లలది. లైటు వెలిగితే వారు చేయి ఊపుతారు. పని చిన్నదే. కానీ తమ చాచా బండికి వెనుక వచ్చే మనిషి ప్రాణం కూడా తమ లెక్కలోనిదని పిల్లలకు ఆ వయసులోనే తెలుస్తుంది.

జుమా రోజు మా బండికి సెలవు. ఆ ఉదయం దానిని కడిగి, కమాను కట్టల పిన్నులకు, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులకు గ్రీసు గన్నుతో గ్రీసు ఎక్కిస్తాము. పాత గ్రీసు మట్టితో కలిసి బయటకు వచ్చి, కొత్తది కనిపించేదాకా కొట్టాలి. కమాను పట్టీలలో ఏదైనా పగిలిందా, యూ బోల్టులు వదులయ్యాయా అని చూస్తాము. ఎయిర్ ఫిల్టర్‌ను బయటకు తీసి దుమ్ము దులుపుతాము. ఎండాకాలంలో మట్టి దారుల్లో తోటల దాకా వెళ్ళే బండికి అది త్వరగా మూసుకుపోతుంది. అప్పుడు ఇంజిన్‌కు ఊపిరి ఆడక నల్లటి పొగ వస్తుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. డీజిల్ ఫిల్టర్ అడుగున ఉన్న బిరడా కొద్దిగా తిప్పితే అక్కడ పేరుకున్న నీరు బయటకు వచ్చేస్తుంది. బ్యాటరీ తలలపై తెల్లగానో పచ్చగానో పేరుకున్న పొడిని వేడి నీళ్ళతో కడిగి, ఆరిన తరువాత కొద్దిగా వాజిలిన్ రాస్తాము. ఫ్యాన్ బెల్టుపై పగుళ్ళున్నాయేమో వేలితో తడిమి చూస్తాము. స్టెప్నీలో గాలి ఉందా, జాకీ, వీల్ స్పానర్ బండిలోనే ఉన్నాయా అని కూడా చూస్తాము. గుస్ల్ చేసి మసీదుకు బయలుదేరే లోపల ఇదంతా పూర్తవుతుంది.

టైర్ల విషయంలో చాలామంది గాలి మాత్రమే చూస్తారు. మేము మూడు విషయాలు చూస్తాము. గాలిని బండి నడవక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. గాడుల మధ్య అడ్డంగా ఉండే చిన్న దిమ్మెల దాకా టైరు అరిగిందంటే దాని ఆయుష్షు తీరినట్లే. మూడవది వయసు. టైరు పక్కగోడపై నాలుగు అంకెలు ఉంటాయి. ఉదాహరణకు 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. గాడులు నిండుగా ఉన్నా, ఎండకు ఎండిన పాత రబ్బరు బరువు మీద పగిలిపోవచ్చు. సెకండ్ హ్యాండ్ టైర్లు కొనే సోదరులు ఆ నాలుగు అంకెలు చదవకుండా డబ్బు చేతికివ్వకూడదు.

ఈ పనులన్నింటికీ మా భాభీ రాసే ఒక నోటు పుస్తకం ఉంది. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల వద్ద ఇంజిన్ ఆయిల్, దాని ఫిల్టర్ మార్చామో, గేరు ఆయిల్, హౌసింగ్ ఆయిల్ ఎప్పుడు మార్చామో, ఎంత ఖర్చయిందో అన్నీ అందులో ఉంటాయి. ఫిట్‌నెస్ పరీక్ష, బీమా, పొగ పరీక్ష గడువులు కూడా. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా వాహనానికి ఫిట్‌నెస్ ప్రతి ఏటా చేయించాలి. కిరాయి వచ్చిన ప్రతిసారీ అందులో కొంత భాగాన్ని భాభీ ఒక డబ్బాలో వేస్తుంది. అది బండి హక్కు. పండుగ ఖర్చుకైనా, పెళ్ళి కట్నానికైనా ఆ డబ్బా తెరవదు. టైర్లు అరిగినప్పుడు అప్పు కోసం ఎవరి ముందూ చేయి చాపే అవసరం రానిది ఆ డబ్బా వల్లనే. పాత బండ్లవారు వడ్డీ వ్యాపారి దగ్గరకు వెళ్ళేది ఎక్కువగా ఇటువంటి అనుకోని రిపేర్ల కోసమే. రోజూ చూసుకునే బండికి అనుకోని రిపేర్లు తక్కువ.

ఇంత జాగ్రత్త ఎందుకో రాయచోటి, కడపల మధ్య తిరిగేవారికి విడమరచి చెప్పనక్కరలేదు. పాలకోవాకు పేరుపొందిన గువ్వలచెరువు దాటాక కడప వైపు ఘాట్ మొదలవుతుంది. మలుపు తరువాత మలుపు, అంతా దిగుడు. మామిడి కాయలతో నిండిన బండిని ఆ దిగుడులో ఆపవలసినవి అరచేతి వెడల్పు లైనర్లు, చిటికెన వేలంత పైపులోని కొద్దిపాటి ఆయిల్. వేగం రెట్టింపయితే బ్రేకులు హరించవలసిన శక్తి నాలుగింతలవుతుంది. దిగువంతా బ్రేకు మీద కాలు వేసి దిగితే డ్రమ్ములు కాలిపోయి, లైనర్ల పట్టు తగ్గుతుంది. వేడికి బ్రేకు ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడితే పెడల్ నేలను తాకుతుంది కానీ బండి ఆగదు. బ్రేకు ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. తేమ చేరిన పాత ఆయిల్ త్వరగా మరుగుతుంది. అందుకే రెండేళ్ళకొకసారి దానిని పూర్తిగా మార్చాలి. ఘాట్ ఎక్కిన గేరులోనే దిగాలన్నది పెద్దల మాట. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగడం, ఇంజిన్ ఆపి దిగడం ప్రాణాంతకం. ఇంజిన్ ఆగితే బ్రేకుకు సాయపడే వాక్యూమ్ బలం పోతుంది, పెడల్ రాయిలా బిగుసుకుంటుంది.

కొన్నేళ్ళ క్రితం మామిడి సీజన్‌లో ఈ మాటలన్నీ మాకు పరీక్షగా వచ్చాయి. ఒక గురువారం సాయంత్రం మా చిన్నవాడు వెనుక కుడి చక్రం లోపలి వైపు తడిని గమనించాడు. తెల్లవారితే కడపకు లోడు. సీజన్ కనుక ఆ వారం జుమా సెలవు కూడా మానుకొని కాయలు చేరుస్తామని తోట యజమానికి మాట ఇచ్చి ఉన్నాము. కాయలు కోసి క్రేట్లలో నింపి ఉన్నాయి. ఇంటికి వచ్చిన బంధువులలో ఒక పెద్దాయన పెడల్ నొక్కి చూసి, "బ్రేకు బాగానే పడుతోంది కదా బేటా, నిదానంగా వెళ్ళి వచ్చేయండి. అల్లాహ్ ఉన్నాడు" అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. అప్పుడు అమ్మీ అంది: "అల్లాహ్ ఉన్నాడు భాయీ. ఆ తడిని రాత్రి పూటే మన కళ్ళకు చూపించింది ఆయనే కదా."

ఆ మాటతో నిర్ణయం అయిపోయింది. తోట యజమానికి ఫోన్ చేసి ఉన్నదున్నట్లు చెప్పాము. తెలిసినవారి బండిని మాట్లాడి కాయలు పంపి, కిరాయిలో తేడాను మేమే భరించాము. మా బండి రెండు రోజులు షెడ్డులో నిలబడింది. ఉస్తాద్ చక్రం విప్పితే వీల్ సిలిండర్ లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి ఉన్నాయి. కారిన ఆయిల్‌తో లైనర్లు తడిసి ముద్దయ్యాయి. ఎడమ వైపు ఇంకా కారడం లేదు. అయినా రెండు వైపులా మార్చమన్నాము. ఒక చక్రం గట్టిగా, మరొకటి వదులుగా పట్టితే బండి ఒక పక్కకు లాగుతుంది. సరుకు కిరాయి పోగా, విడి భాగాలు, కూలి అన్నీ కలిపి ఆ రెండు రోజులలో మాకు తగ్గినది సుమారు 8,000 రూపాయలు. సీజన్‌లో అది చిన్న మొత్తం కాదు. ఆ నెల పిల్లల ఫీజు ఆలస్యమైంది. అయినా ఆ సొమ్ము నష్టం కింద రాయవద్దని అబ్బా భాభీకి చెప్పారు. పుస్తకంలో అది "ఘాట్" అన్న పద్దు కింద ఉంది.

రోడ్డు మీది హానికర వస్తువును తొలగించడం కూడా విశ్వాసంలో భాగమేనని దైవప్రవక్త (సఅసం) బోధించారు. ముల్లు తీసివేయడమే పుణ్యమైతే, బ్రేకు సరిగా లేని టన్నుల బరువును అదే రోడ్డు మీదికి తోలడాన్ని ఏమనాలి? మా బండికి ఎదురుగా వచ్చే ఆటోలో ఎవరి బిడ్డలున్నారో మాకు తెలియదు. మా బండిలో కూర్చునే హమాలీ సోదరుల ఇళ్ళలో వారి కోసం ఎదురుచూసేవారు ఎంతమందో తెలియదు. వారందరి ప్రాణాలు ఆ కొన్ని గంటలు మా చేతిలో అమానత్.

బరువు విషయమూ అంతే. ఆర్‌సీలో రాసిన పరిమితి ప్రకారం మా బండికి 20 కిలోల క్రేట్లు 60 దాకా ఎక్కించవచ్చు. 80 ఎక్కించమని అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. ఆ 400 కిలోల అదనపు కిరాయి కళ్ళకు కనిపిస్తుంది. దానివల్ల పగిలే కమాను పట్టీ, వేడెక్కే టైరు, సాగిపోయే బ్రేకు దూరం మాత్రం వెంటనే కనిపించవు. ఒక అన్సారీ తోటలో కన్నీరు కార్చిన ఒంటెను దైవప్రవక్త (సఅసం) నిమిరి, దానిని ఆకలితో ఉంచి అధికంగా శ్రమ పెడుతున్నావని యజమానిని మందలించిన సంఘటనను మా అబ్బా తరచూ గుర్తు చేస్తారు. ఇనుముకు బాధ తెలియదు. కానీ బరువు మోసే దానిని దాని శక్తికి మించి తోలే మనసు మాత్రం ఆ రోజు మందలింపు పొందిన మనసే.

మెకానిక్‌తో మన వ్యవహారం గురించి కూడా ఒక మాట. బేరమాడవలసిన చోట బేరమాడవచ్చు. కానీ బ్రేకు సామానులో చౌక రకం వేయమని ఉస్తాద్‌ను ఒత్తిడి చేయకూడదు. పని ముగిశాక కూలిని వచ్చే వారానికి వాయిదా వేయకూడదు. శ్రామికుని చెమట ఆరకముందే వేతనం ఇవ్వాలన్న బోధ షెడ్డుకూ వర్తిస్తుంది. కూలి సకాలంలో అందుకునే మనిషి మన బండి కింద మరో ఐదు నిమిషాలు ఎక్కువ పడుకొని చూస్తాడు. తీసివేసిన పాత ఇంజిన్ ఆయిల్‌ను కాలువలో పారబోయనివ్వకుండా, డబ్బాలో పట్టించి పాత ఆయిల్ సేకరించేవారికి ఇవ్వడం కూడా మన పనే. ఆ కాలువ నీరు చివరికి ఎవరి పొలానికో, ఎవరి చెరువుకో చేరుతుంది.

ఇంత చూసుకున్నా ఏ బండీ శాశ్వతం కాదు. భాభీ పుస్తకం మొదటి పేజీలో మేమంతా కలిసి కూర్చొని రాసుకున్న మూడు షరతులు ఉన్నాయి. ఛాసిస్‌ను తుప్పు తిని పగులు కనిపించిన రోజు, ఫిట్‌నెస్ పరీక్షలో న్యాయంగా నెగ్గలేని రోజు, బ్రేకులు ఎంత చేయించినా నమ్మకం కుదరని రోజు ఆ బండిని ఆపివేయాలి. కొనేవారు దొరికినా సరే, ఆ స్థితిలో దానిని నడిచే బండిగా అమ్మకూడదు, పాత ఇనుము కిందనే ఇవ్వాలి. పైకి పొడిగా కనిపించే ధాన్యపు రాశి లోపల తడిని దాచిన వర్తకుణ్ణి దైవప్రవక్త (సఅసం) ఎలా హెచ్చరించారో మనకు తెలుసు. రంగు వేసి, మీటరు వెనక్కి తిప్పి, పాత బండిని అమ్మేవారు దాచేది తడి ధాన్యం కంటే ప్రమాదకరమైనది. మనకంటే పేదవాడొకడు దానిని కొని, ఆ ఘాట్‌లోనే దిగుతాడు. అతని ఇంట్లోనూ ఒక తల్లి ఉంటుంది.

ఆ రోజు ఇంకా రాలేదు. అల్హందులిల్లాహ్, మా పికప్ ఇప్పటికీ కిరాయికి తిరుగుతోంది. బండి కదిలేముందు చిన్నవాడు ప్రయాణ దువా చదువుతాడు. ఈ వాహనాన్ని మనకు వశపరచినవాడు అల్లాహ్‌యేనని, చివరకు మరలి వెళ్ళవలసింది ఆయన వద్దకేనని ఆ దువా గుర్తుచేస్తుంది. మరలి వెళ్ళినప్పుడు మన వశంలో ఉంచిన దానిని ఎలా చూసుకున్నామన్న ప్రశ్న తప్పదు. ఆ ప్రశ్నకు జవాబును ప్రతి ఉదయం పది నిమిషాలు, చేతులకు నూనె అంటించుకొని, సిద్ధం చేసుకోవచ్చు. రోడ్డు మీద బతుకుతున్న మన సోదరులందరినీ, వారికి ఎదురువచ్చే వారందరినీ అల్లాహ్ క్షేమంగా ఇళ్ళకు చేర్చుగాక. ఆమీన్.